రెజ్యూమేలో లేని డ్రైవరు

మిరెయా తన పదేళ్ళ బతుకును ఒక్క కాగితం మీద చదువుకుని తెల్లబోయింది. కాగితం శుభ్రంగా ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తనే అందులో లేదు.

"అక్కా, మంటలార్పే దళం సంగతేదీ?"

"తీసేశాను," అంది ఎదిత్, పొయ్యిలోకి ఇంకో కట్టె తోస్తూ.

"తీసేశావా! పదేళ్ళక్కా!"

"అరవకు. మీ బావ టీవీ చూస్తున్నాడు."

ఎదిత్‌కి రెజ్యూమేలు దిద్దడంలో ప్వెర్టో మోంట్ ఊరంతటా పేరుంది. మునిసిపాలిటీవాళ్ళ ఉద్యోగ కేంద్రంలో ఆవిడ పని అదే. ఎవడైనా కుర్రాడు వచ్చి, "నాకు అనుభవం ఏమీ లేదండీ" అని బిక్కమొహం వేస్తే, "ఎవరికైనా ఊరికే ఏమైనా చేసిపెట్టావా?" అని ఆరా తీస్తుంది. చర్చిలో కుర్చీలు సర్దానని వాడంటే అది 'కార్యక్రమాల నిర్వహణ' అవుతుంది. వీధికుక్కలకు రొట్టె వేశానని ఇంకో పిల్ల అంటే 'జంతు సంరక్షణ' అవుతుంది. జీతం లేని సేవను జీతమున్న ఉద్యోగం పక్కన దర్జాగా కూర్చోబెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనిషి, సొంత చెల్లెలు మంటలార్పే దళంలో చేసిన సేవను మాత్రం ఆనవాలు లేకుండా తుడిచిపెట్టేసింది.

"కుక్కలకు రొట్టె వేసినవాళ్ళది రాస్తావు, నాది రాయవా?" అంది మిరెయా.

"కుక్కలకు రొట్టె వేసేవాళ్ళు పని మధ్యలో లేచి పారిపోరే తల్లీ! మన దేశంలో మంటలార్పేవాళ్ళకి జీతం లేదని చంటిపిల్లాడికి కూడా తెలుసు. జీతం లేదు సరికదా, నెలనెలా చందా నువ్వే కడతావు. మరి పొట్టకూటికి ఇంకో ఉద్యోగం కావాలా వద్దా? ఆ ఉద్యోగం ఇచ్చేవాడు నీ కాగితంలో 'దళం' అన్న మాట చూడగానే ఏమనుకుంటాడు? సైరన్ మోగితే ఇది ఉడాయిస్తుంది అనుకుంటాడు. అనుకోవడమేంటి, ఉడాయించావు కూడా! పెళ్ళికూతురి గౌను జిప్పు సగంలో వదిలేసి పోలా?"

"ఆ రోజు మూడిళ్ళు అంటుకున్నాయక్కా."

"ఆ పెళ్ళికూతురు వీపు బయటపెట్టుకుని గంటసేపు నిలబడింది. ఆ కొట్టువాడు నన్ను బజార్లో చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు."

మిరెయాకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. చేపల ఫ్యాక్టరీ, మందుల షాపు, బట్టల కొట్టు, ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అలాగే పోయాయి. ఇప్పుడు అక్క ఇంట్లో, పొయ్యి పక్కన సోఫా మీద పడుకుంటోంది. బావ పొమ్మని ఒక్క మాట అనలేదు. ఈమధ్య ఆమె గదిలోకి రాగానే టీవీ సౌండు మాత్రం పెంచుతున్నాడు. ఆ సౌండు ఎంత పెరిగితే తన రోజులు అంత దగ్గర పడ్డట్టని ఆమెకు తెలుసు.

ఇంతలో ఈ బడి ఉద్యోగం. కొండ మీద ప్రైవేటు బడిలో, ఆటల వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. పిల్లలంటే మిరెయాకి ప్రాణం. ఇన్నాళ్ళలో ఆమె మనసుపడి దరఖాస్తు పెట్టిన ఉద్యోగం ఇదొక్కటే. అందుకే, కడుపు మండుతున్నా, ఆ కాగితాన్ని మడవకుండా అట్టలో పెట్టుకుంది.

ఆమె దళంలో మామూలు సభ్యురాలైతే ఇంత చిక్కు ఉండేది కాదు. ఆమె డ్రైవరు. మంటలార్పే పెద్ద బండిని తోలడానికి వేరే పరీక్షలున్నాయి, అవి నెగ్గినవాళ్ళు కొండ మీది దళంలో నలుగురే. ముగ్గురికి పగలు ఉద్యోగాలు. పనిలేని మిరెయాకి పగటి డ్యూటీ దానంతటదే అంటుకుంది. సైరన్ ఒకసారి మోగిందంటే అందరూ రండని. కాసేపటికి రెండోసారి మోగిందంటే, మనుషులు చేరలేదు, బండి ఇంకా షెడ్డు దాటలేదని అర్థం. పదేళ్ళలో మిరెయా డ్యూటీలో ఉండగా రెండోసారి ఎప్పుడూ మోగలేదు. ఆమె గొప్పగా చెప్పుకునేది అదొక్కటే, అదీ దళంలోనే.

ఇంటర్వ్యూ రోజుకి ఒస్వాల్దోని బతిమాలుకుంది. అతనికి రొట్టెల దుకాణం ఉంది, డ్రైవింగు పరీక్ష కూడా నెగ్గాడు.

"పదకొండు దాకా కూర్చుంటాను," అన్నాడు ఒస్వాల్దో. "ఆ తర్వాత హోటళ్ళకి రొట్టెలు వెయ్యాలి. నువ్వు రాకపోతే ఫోన్ చెయ్యి, ఎవరినైనా చూస్తాను."

"పదింటికే నా ఇంటర్వ్యూ. పదకొండుకి ముందే నీ ముందుంటాను."

గడప దాటుతుంటే ఎదిత్ చెయ్యి చాపింది.

"రేడియో ఇటివ్వు."

"అక్కా..."

"ఫోనూ ఇవ్వు. దళం కార్డు కూడా. ఆ సంచిలో ఒక్కటున్నా నువ్వు నిలకడగా కూర్చోలేవు. ఒక్క గంట, ఒక్క గంట మామూలు మనిషిలా ఉండు చూద్దాం!"

ఇచ్చేసింది. చేతులు ఖాళీ అయ్యేసరికి బట్టలు లేకుండా వీధిలోకి వచ్చినట్టనిపించింది.

బడి గేటు దగ్గర వాన కుండపోతగా పడుతోంది. కాపలా చూసే ఎరిబెర్తో గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. ముసలాయన యూనిఫాం కోటు అంగుళం అంగుళం తడిసి ఉంది.

"ఇంటర్వ్యూకా తల్లీ? రా, రా. నీ బూట్లు తుడుచుకో, ఆవిడ ముందు బూట్లే చూస్తుంది."

"మీరు మొత్తం తడిసిపోయారు బాబాయ్. ఇంకో కోటు లేదా?"

"ఉంది, ఇంట్లో పొయ్యి దగ్గర ఆరుతోంది. అదిగో, ఆ పైవరసలో ఆకుపచ్చ ఇల్లు, అదే మాది. ఈ వానకి ఒకటి ఆరేలోపు రెండోది తడుస్తుంది, మా ఎల్బా దినమంతా ఆరబెట్టడమే." ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన గుమ్మడి రొట్టె తీసి చేతిలో పెట్టాడు. "తిను, ఇంకా వేడిగా ఉంది. ఖాళీ కడుపుతో వెళ్తే నోరు పెగలదు. ఉద్యోగం నీదేలే, నాకు తెలుస్తుంది."

డైరెక్టర్ హిమేనా గారు ఏదో మీటింగులో ఉన్నారన్నారు. పది దాటింది, పదిన్నర దాటింది. మిరెయా గోడ గడియారం వంకా, కిటికీ వంకా చూస్తూ కూర్చుంది. ఒస్వాల్దోకి చెప్పడానికి ఫోను లేదు. ఆఫీసులో అడిగి ఫోన్ చేద్దామంటే, ఎవరికి అని అడిగితే ఏం చెప్పాలి? లోపలికి పిలుపు వచ్చేసరికి పదకొండు కావస్తోంది.

హిమేనా గారు బూట్లే చూసింది ముందు. తర్వాత కాగితం చూసింది. చెడ్డ మనిషేం కాదు, మాట మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే మిరెయా మోసపోయింది.

"పిల్లలతో మీరు బాగానే ఉంటారనిపిస్తోంది మిరెయా గారూ. ఒక్క సందేహం. ఇన్ని ఉద్యోగాలు ఎందుకు మారారు?"

మిరెయా అక్క నేర్పిన జవాబు చెప్పింది. "ఎదుగుదల కోసం మేడమ్."

"చేపల ఫ్యాక్టరీ నుంచి మందుల షాపుకి, అక్కణ్ణుంచి బట్టల కొట్టుకి. ఎటు ఎదిగారు?" ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను ముగ్గురికీ ఫోన్ చేశాను. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. ఉన్నట్టుండి పని మధ్యలో మాయమయ్యేవారట మీరు. గంటకో రెండు గంటలకో తిరిగొచ్చేవారట. కళ్ళు ఎర్రగా, ఒళ్ళంతా పొగ వాసన. ఒకాయనైతే, నిలబడే ఓపిక లేక గోడకి జారబడి నిద్రపోయింది అన్నాడు."

ప్రతి ముక్కా నిజమే. మధ్యలో ఉండాల్సిన ఒక్క మాట లేకపోయేసరికి ఆ నిజాలన్నీ కలిసి ఇంకెవరి బతుకో అయి కూర్చున్నాయి.

"వాళ్ళు ఎందుకెళ్ళానో చెప్పలేదా?" అంది మిరెయా.

"నేను అడగలేదు. అడగాల్సిన పనేముంది?" హిమేనా గారు సొరుగు లాగి, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ గ్లాసు తీసి, రెజ్యూమే పక్కన పెట్టింది. "బాత్రూం ఎదురుగా ఉంది. నర్సు మీతో వస్తుంది. ఇందులో పోసి ఇవ్వండి. మత్తుమందు ఏమీ లేదని తేలితే మనం మిగతా విషయాలు మాట్లాడుకుందాం."

మిరెయా గ్లాసు వంక చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో గింగురుమని మోత మొదలైంది. తను! పొగతో నిండిన గదుల్లోంచి జనాన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చిన తను, వీధి చివర పొగ పీల్చి తూలే బాపతా? సిగ్గు ముందొచ్చిందో కోపం ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు, మొహం మాత్రం నిప్పుల్లో పెట్టినట్టు భగ్గుమంది.

"మేడమ్, నేను మంటలార్పే దళంలో ఉన్నాను. కొండ మీది దళం. పదేళ్ళయింది. ఆ వాసన అదే, ఆ కళ్ళు అందుకే."

హిమేనా గారు కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. వెనక వైపు కూడా చూసింది.

"ఎక్కడుంది ఇందులో?"

"రాయలేదు."

"కుట్టుపని క్లాసులో చేరిన రెండు వారాలు రాశారు. పదేళ్ళు మంటలార్పింది రాయలేదా?" ఆవిడకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. "మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చెయ్యని సేవ రాస్తారు. చేసిన సేవ దాచుకునే మనిషిని ఇన్నేళ్ళలో చూళ్ళేదు. పోనీ కార్డు చూపించండి."

"ఇంట్లో ఉంది."

"దళానికి ఫోన్ చెయ్యండి. ఎవరితోనైనా చెప్పించండి."

"నా ఫోను... అక్క దగ్గరుంది. నంబర్లన్నీ అందులోనే."

చెబుతుంటే తనకే తన మాట దొంగమాటలా వినిపించింది. హిమేనా గారు గ్లాసుని ఒక్క వేలితో ఇంకాస్త ముందుకు తోసింది.

అప్పుడు మోగింది సైరన్.

కొండ మీది దళం సైరనే. ఆ మోత మిరెయాకి ఎముకల్లో ఉంటుంది, నిద్రలో విన్నా పోల్చుకుంటుంది. కాళ్ళు వాటంతటవే లేచాయి. గడియారం చూసింది. పదకొండు దాటి పది నిమిషాలు. ఒస్వాల్దో ఉన్నాడా, వెళ్ళాడా? రొట్టెలు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదని కూర్చునే మనిషే. ఉండే ఉంటాడు.

"నేను వెళ్ళాలి మేడమ్."

"కూర్చోండి." మెత్తని గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. "ఈ పరీక్ష ఇవ్వకుండా వెళ్ళారంటే, వద్దన్నారని రాసుకోవాలి నేను. ఊళ్ళో బళ్ళన్నీ ఒకరినొకరు అడుగుతాయి, నేను అబద్ధం చెప్పను. ఇక మీకు ఈ ఊళ్ళో పిల్లల దగ్గర పని దొరకదు."

మిరెయా కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది, అయినా వణుకు ఆగలేదు. నుదుట చెమట పట్టింది. చూపు కిటికీ దాటి వానలోకి పోతోంది.

హిమేనా గారు అది చూసింది. నిజంగానే జాలిపడింది.

"చూశారా, ఎలా వణికిపోతున్నారో? చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు? నాతో చెప్పండి, పోలీసుల దాకా పోదు."

ఏ మాట చెప్పినా ఈ మనిషికి అది రోగంలాగే కనిపిస్తుందని మిరెయాకి అర్థమైంది. బండి చప్పుడు కోసం చెవులు రిక్కించింది. షెడ్డు ఈ కొండ మీదే, ఐదారు వీధులు దిగువన. బండి బయటికొస్తే హారను వినపడి తీరాలి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

సైరన్ రెండోసారి మోగింది.

ఒస్వాల్దో లేడు. ఎవరూ లేరు. ఈ చిన్న గదిలో, ఒక ప్లాస్టిక్ గ్లాసు ముందు తను కూర్చుని ఉండగా, రెండోసారి మోగింది.

లేచి నిలబడింది.

"ఇప్పుడు ఆ తలుపు దాటితే, అదే మీ జవాబనుకుంటాను," అంది హిమేనా గారు.

సోఫా గుర్తొచ్చింది. టీవీ సౌండు గుర్తొచ్చింది. "ఒక్క గంట మామూలు మనిషిలా ఉండు" అన్న అక్క మాట గుర్తొచ్చింది. రేవు అవతల ఇంకో దళం ఉంది కదా, వాళ్ళొస్తారు. వస్తారులే. మిరెయా మళ్ళీ కూర్చుంది. పదేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని అది. చేశాక ఆమె చేతుల వణుకు ఆగిపోయింది, అందుకు ఆమెకే భయం వేసింది. చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. ఎరిబెర్తో. టోపీ లేదు, గొడుగు లేదు, మొహాన నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, మా ఇల్లు! పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. మా ఎల్బా ఎక్కడుందో ఎవరికీ తెలియట్లేదు. నన్ను వెళ్ళనివ్వండి మేడమ్!"

"వెళ్ళు, వెళ్ళు! ఇదేం అడగడం!" హిమేనా గారు లేచి నిలబడి ఫోను అందుకుంది. "మంటలవాళ్ళకి చెప్పారా?"

"ఎప్పుడో చెప్పారట. ఎవరూ రాలేదట!"

ఆయన పరుగున వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆయన చూపు కుర్చీలో ఉన్న మిరెయా మీద ఒక్క క్షణం ఆగింది. చూశాడో లేదో కూడా తెలియనంత చిన్న క్షణం.

హిమేనా గారు ఫోనులో అరుస్తోంది. "రెండుసార్లు మోగింది, నా చెవులతో విన్నాను! ఏం చేస్తున్నారు మీవాళ్ళు? ఏంటీ? అవతలి దళం రావడానికి పావుగంటా? మరి కొండ మీది బండి?" ఫోను చెవి నుంచి తియ్యకుండానే ఆవిడ మిరెయా వైపు తిరిగి, నమ్మలేనట్టు అంది, "బండి షెడ్డులోనే ఉందట. మనుషులు కూడా చేరారట. తోలడానికి డ్రైవరే లేరట!"

"ఆ డ్రైవర్ని నేనే," అంది మిరెయా.

గట్టిగా కూడా అనలేదు. హిమేనా గారి చేతిలోంచి ఫోను బల్ల మీద పడింది. దానిలోంచి ఎవరో హలో హలో అంటున్నారు. ఆవిడ మిరెయా మొహాన్ని చూసింది, ఆ చేతులు చూసింది, ఆ చేతిలో ఉన్న గ్లాసు చూసింది. ఇందాక తను జాలిపడ్డ ఆ వణుకు ఏమిటో, ఆ చెమట ఏమిటో, అన్నీ ఒక్కసారిగా ఆవిడ మీద విరుచుకుపడ్డాయి. రెండుసార్లు కూర్చోబెట్టింది తనే.

"నా కారు గేటు దగ్గరుంది," అని మాత్రం అనగలిగింది.

ఇద్దరూ వానలో పరిగెత్తారు. హిమేనా గారు ఎర్రలైటు కూడా చూడకుండా ఆ ఐదారు వీధులూ దిగింది. షెడ్డు ముందు దళం వాళ్ళు టోపీలు పెట్టుకుని, బండి ఎక్కి, తోలేవాళ్ళ సీటు వంక చూస్తూ కూర్చుని ఉన్నారు. మిరెయాని చూసి ఎవరూ ఎక్కడికి పోయావని అడగలేదు. ఒకామె కోటు విసిరింది, ఒకతను టోపీ అందించాడు. లంగా మీదే కోటు తొడుక్కుని, ఇంటర్వ్యూ బూట్లతోనే బండెక్కింది.

ఎంత వేగంగా తోలిందో ఆమెకు తెలియదు. మలుపు తిరగ్గానే పొగ కనిపించింది, పొగ రంగు చూడగానే విషయం తెలిసిపోయింది. చెక్క ఇల్లు. పైకప్పు అప్పటికే కూలింది. ఆకుపచ్చ రంగు గోడ ఒక్కటి నిలబడి ఉంది, అది కూడా వాళ్ళు పైపులు విప్పుతుండగానే లోపలికి ఒరిగిపోయింది. వాన ఇంత పడుతున్నా ఆ మంటకి లెక్కలేదు.

ఎల్బా బతికే ఉంది. ఎవరిదో దుప్పటి కప్పుకుని, వెనక సందులో ఒట్టికాళ్ళతో నిలబడి ఉంటే పక్కింటివాళ్ళు కనిపెట్టారు. పొయ్యి దగ్గర ఆరేసిన కోటు అంటుకుందట. నీళ్ళు తెచ్చేలోపు తెర అంటుకుందట. తర్వాత కళ్ళముందే ఇల్లు.

"ఇప్పుడా రావడం!" అని మెట్ల మీద నిలబడ్డ ఒకామె గొంతు చించుకుంది. "నిద్రపోతున్నారా అందరూ? దీనికేనా మీకు జీతాలిచ్చేది!"

ఆ మాట దళంవాళ్ళకి అలవాటే. మామూలు రోజైతే మిరెయా నవ్వుకునేది. ఇవాళ ఆమె నీటి మీట దగ్గర తల వంచుకుని, చెయ్యాల్సింది చేస్తూ పోయింది. అటూ ఇటూ ఇళ్ళు దక్కాయి. ఆ పొద్దుకి దళం చెయ్యగలిగింది అంతే.

మంట చల్లబడ్డాక, పైపులు చుడుతుంటే, బూడిద పక్కనుంచి ఎరిబెర్తో నడిచి వచ్చాడు. చేతిలో ఏదో వంకరపోయిన కెటిల్ ఉంది, ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. హిమేనా గారు కారు దగ్గరనుంచి వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆవిడ జుట్టు, బట్టలు అన్నీ తడిసి ముద్దయ్యాయి.

ఎరిబెర్తో మిరెయాని టోపీ కింద పోల్చుకున్నాడు. బురదలో నానిపోయిన ఆమె బూట్లు చూశాడు.

"నువ్వా తల్లీ," అన్నాడు. "పొద్దున్న నేను గేటు తీశానే, ఆ అమ్మాయివి."

మిరెయా క్షమించమందామని నోరు తెరిచింది.

"ఉద్యోగం వచ్చిందా?" అని అడిగాడు ఆయన.

ఎకసెక్కం కాదది. ఆ మొహంలో ఎకసెక్కానికి చోటే లేదు. పొద్దున గుమ్మడి రొట్టె చేతిలో పెట్టిన మనిషే అడుగుతున్నాడు, నిజంగా తెలుసుకోవాలని.

మిరెయా డైరెక్టర్ వంక చూస్తే, ఆయన కూడా అటే తిరిగాడు. హిమేనా గారు ఏది ఏమైనా అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నేను ఈమె గురించి చాలా తప్పుగా అనుకున్నాను ఎరిబెర్తో. జన్మంతా క్షమాపణ చెప్పుకున్నా తీరదు. కానీ పిల్లల దగ్గర ఎలా పెట్టుకోను, నువ్వే చెప్పు? సైరన్ మోగితే చాలు, అన్నీ వదిలేసి వెళ్ళిపోతుంది కదా."

ఎరిబెర్తో తన ఇల్లు ఉండాల్సిన చోటు వంక చూశాడు. అక్కడ ఇప్పుడు పైవరస మీది వానా, వెనక సముద్రమూ కనిపిస్తున్నాయి. ఆయన కెటిల్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇవాళ వెళ్ళలేదు కదా మేడమ్," అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. మర్చిపోయిన విషయం ఏదో గుర్తుచేసినట్టు అన్నాడంతే. హిమేనా గారి చెయ్యి ఆయన భుజం మీదనుంచి జారిపోయింది. మిరెయా చేతిలోని పైపు చుట్ట బురదలో పడింది, వంగి తీసుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.